మంచు కింద చేప ఎక్కడుంది?

మీ ఊరి చెరువులో గాలం వేసేవాళ్లను ఎప్పుడైనా గమనించారా? అనుభవం ఉన్నవాడు గట్టెక్కగానే గాలం విసరడు. కాసేపు నీళ్లకేసి చూస్తాడు. తూము దగ్గర నీరు కదులుతోందా? తామరాకులు ఎక్కడ దట్టంగా ఉన్నాయి? బుడగలు ఎక్కడ లేస్తున్నాయి? కొంగ ఎక్కడ కాపు వేసింది? ఇవన్నీ చూసుకుని అప్పుడు చోటు ఎంచుకుంటాడు.

ఇప్పుడు ఆ చెరువు మీద మూరెడు మందాన మంచుగడ్డ పరుచుకుందనుకోండి. దాని మీద మళ్లీ తెల్లగా మంచు కురిసిందనుకోండి. నీరే కనపడదు. తామరాకు లేదు, బుడగ లేదు, కొంగ అసలే లేదు. ఎటు చూసినా తెల్లని మైదానం! ఇప్పుడు గాలం ఎక్కడ వేస్తారు?

మనకు ఈ చిక్కు రాదు. కాని అమెరికాలో కెనడా సరిహద్దునే ఉన్న మిన్నెసోటా రాష్ట్రంలో ఏటా చలికాలంలో వేలాదిమందికి ఇదే ప్రశ్న ఎదురవుతుంది. అక్కడ జనవరిలో చలి సున్నాకు 20 డిగ్రీలు దిగువకు పోవడం మామూలే. సరస్సులన్నీ గడ్డకడతాయి. జనం ఆ గడ్డ మీదికి నడిచి వెళ్లి, బర్మాతో కన్నం తొలిచి, అందులోంచి గాలం దింపుతారు. వాళ్లు ముఖ్యంగా వెతికేది వాల్‌ఐ అనే చేప కోసం. 1965 నుంచీ అది మిన్నెసోటా రాష్ట్ర చేప.

అక్కడి మిల్ లాక్స్ సరస్సునే తీసుకోండి. దాని వైశాల్యం 500 చదరపు కిలోమీటర్ల పైమాటే. కన్నం వెడల్పు మాత్రం జానెడు! ఇంత సరస్సులో అంత కన్నం ఎక్కడ తొలవాలి? గుడ్డిగా తొలిస్తే రోజంతా చలిలో వణకడమే మిగులుతుంది. తెలిసి తొలవాలంటే సరస్సు అడుగు ఎలా ఉందో తెలియాలి.

నీరు అడుగుదాకా ఎందుకు గడ్డకట్టదు?

ముందు ఒక సందేహం తీర్చుకుందాం. అంత చలికి సరస్సు మొత్తం రాయిలా బిగుసుకుపోదా? పోదు. చాలా పదార్థాలు చల్లబడేకొద్దీ కుంచించుకుని బరువెక్కుతాయి. నీరు కూడా 4 డిగ్రీల సెంటీగ్రేడు వరకూ అలాగే చేస్తుంది. ఆ తరువాత ఎదురు తిరుగుతుంది! 4 డిగ్రీల నుంచి సున్నాకు దిగేటప్పుడు నీరు వ్యాకోచించి తేలికవుతుంది. గడ్డకడితే ఇంకా తేలిక. గ్లాసులో వేసిన ఐసుముక్క పైకి తేలడం మీరు చూసే ఉంటారు.

అందువల్ల సరస్సులో గడ్డ పైన ఏర్పడుతుంది. దానికి ఆనుకుని ఉన్న నీరు సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది. అడుగున ఉన్న నీరు అంతకన్నా కాస్త వెచ్చగా, 4 డిగ్రీలకు చేరువలో ఉంటుంది. పైనున్న గడ్డ దుప్పటిలా పనిచేసి, కింది నీటి వేడి తొందరగా పోకుండా కాపాడుతుంది. ఆ దుప్పటి కిందే చేపలు చలికాలం గడుపుతాయి.

అయితే చేప ఒంటి వేడి చుట్టూ ఉన్న నీటిని బట్టే ఉంటుంది. నీరు చల్లబడితే దాని శరీరంలో పనులన్నీ మందగిస్తాయి. ఆకలి తగ్గుతుంది. ఎర కోసం దూరం పరుగెత్తదు. వేసవిలో చేప ఎరను వెతుక్కుంటూ రావచ్చు. చలికాలంలో ఎరే చేప దగ్గరకు వెళ్లాలి. చోటు ఎంచుకోవడం అంత ముఖ్యం కావడానికి కారణం ఇదే.

మసక వెలుతురు వేటగాడు

వాల్‌ఐ అన్న పేరు చూసి ‘గోడ కన్ను’ అనుకోకండి. ఈ పేరుకూ గోడకూ సంబంధం లేదు. పాలపొర కమ్మినట్టు తెల్లగా కనిపించే కన్నును ఇంగ్లీషువాళ్లు పూర్వం నుంచీ అలా అంటారు. ఈ చేప కన్ను అలాగే ఉంటుంది. రాత్రిపూట పిల్లి కళ్లు మెరవడం చూశారు కదా? పిల్లి కంటి లోపల అద్దంలాంటి పొర ఒకటి ఉంటుంది. కంట్లోకి వచ్చిన వెలుతురును ఆ పొర వెనక్కి కొట్టి, దాన్ని రెండోసారి ఉపయోగపడేలా చేస్తుంది. వాల్‌ఐ కంట్లోనూ అలాంటి పొరే ఉంది.

ఈ సరస్సుల్లో వాల్‌ఐకి ఇష్టమైన ఆహారం పెర్చ్ అనే చిన్న చేప. పసుపు ఒంటి మీద నల్లని పట్టెలుంటాయి. పెర్చ్‌కి పగలు బాగానే కనిపిస్తుంది గాని, చీకటి పడితే చూపు ఆనదు. అడుక్కు చేరి కదలకుండా ఉండిపోతుంది. పొద్దు వాలే వేళ పెర్చ్ చూపు తగ్గుతుంది, వాల్‌ఐ చూపు మాత్రం తగ్గదు. ఇంకేముంది? వేట మొదలు! అందుకే సాయంత్రం, తెల్లవారుజామున గాలాలు బాగా కదులుతాయి.

కాబట్టి వాల్‌ఐ ఎక్కడుందో తెలియాలంటే పెర్చ్ ఎక్కడుందో తెలియాలి. పెర్చ్ ఎక్కడుందో తెలియాలంటే అది తినే పురుగులు ఎక్కడున్నాయో తెలియాలి. ఆ పురుగులు ఎక్కడున్నాయో చెప్పేది సరస్సు అడుగు.

అడుగు చదునుగా ఉండదు

పదివేల ఏళ్లకు పూర్వం ఈ ప్రాంతాన్ని బ్రహ్మాండమైన హిమానీనదాలు కప్పి ఉండేవి. అవి కదులుతూ నేలను గీకి, రాళ్లనూ కంకరనూ మట్టినీ ఈడ్చుకొచ్చాయి. కరిగిపోతూ ఆ సామగ్రినంతా ఎక్కడిదక్కడ పారబోసిపోయాయి. మిల్ లాక్స్ నీటికి అడ్డుకట్ట కూడా అలా పారబోసిన మట్టిదిబ్బే. అందుకే ఈ సరస్సుల అడుగున దిబ్బలూ, గుంటలూ, కంకర మెట్టలూ, బురద మైదానాలూ కలగలిసి ఉంటాయి.

వాటిలో నాలుగింటిని గుర్తు పెట్టుకోండి.

మొదటిది, *నేలముక్కు*. ఒడ్డు నుంచి సరస్సులోకి పొడుచుకొచ్చిన నేల నీటి అంచున ఆగిపోదు. నీటిలోపల కూడా అలాగే సాగి, ఒకచోట ఒక్కసారిగా లోతుకు దిగుతుంది.

రెండవది, *మునిగిన దిబ్బ*. చుట్టూ లోతు, నడుమ రాళ్లతోనో కంకరతోనో లేచిన మెట్ట. దాని కొన కూడా నీటిపైకి కనపడదు.

మూడవది, *బురద తిన్నె*. మిల్ లాక్స్ ఉత్తర భాగంలో ఇవి ప్రసిద్ధం. చుట్టుపక్కల అడుగుకన్నా కొన్ని మీటర్లు ఎత్తుగా, పైన చదునుగా, అరుగులా ఉంటాయి. మేఫ్లై అనే రెక్కల పురుగు పిల్లదశలో ఈ బురదలోనే బొరియ చేసుకుని బతుకుతుంది. సన్నని ఎర్ర పురుగులు కూడా ఇక్కడే ఉంటాయి. మన రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబినే వాటికీ ఎరుపునిస్తుంది! ఈ పురుగుల కోసం పెర్చ్ వస్తుంది, పెర్చ్ కోసం వాల్‌ఐ వస్తుంది.

నాలుగవది, *పొలిమేర*. అంటే గట్టి కంకర నేల ఆగి మెత్తని బురద మొదలయ్యే గీత. ఎత్తు మారకపోయినా ఇక్కడ నేల మారుతుంది. రెండు రకాల నేలల్లో బతికే జీవులు ఒకేచోట దొరుకుతాయి.

ఈ నాలుగింటిలోనూ ఉమ్మడిగా ఉన్నదేమిటో కనిపెట్టారా? అంచు! పగలు లోతులో విశ్రాంతి, సంధ్యవేళ మెరకలో వేట. ఈ రెండింటి మధ్యా దూరం ఎంత తక్కువైతే చేపకు శ్రమ అంత తక్కువ. ఏటవాలుగా దిగే అంచు దగ్గర ఆ దూరం నాలుగు బారలే కావచ్చు. అందువల్ల తెలిసినవాళ్లు దిబ్బ నడినెత్తి మీద ఒక కన్నం తొలిచి ఊరుకోరు. నెత్తిన ఒకటి, వాలులో ఒకటి, దిగువన ఒకటి తొలిచి మూడూ పరీక్షిస్తారు.

నెలను బట్టి చోటు

డిసెంబరులో గడ్డ కొత్తగా కట్టినప్పుడు ఒడ్డుకు దగ్గరగా ఉన్న నేలముక్కులు మంచివి. అక్కడి నాచుమొక్కలు ఇంకా పచ్చగా ఉండి ప్రాణవాయువు ఇస్తూంటాయి. చిన్న చేపలు వాటిలో దాక్కుంటాయి.

జనవరి వచ్చేసరికి కురిసిన మంచు వెలుతురును అడ్డుకుంటుంది. మొక్కలు చచ్చి కుళ్లుతాయి. కుళ్లడానికి ప్రాణవాయువు ఖర్చవుతుంది. అప్పుడు చేపలు సరస్సు నడుమనున్న దిబ్బల దగ్గరకూ, బురద తిన్నెల దగ్గరకూ చేరతాయి. అయితే మరీ లోతైన గుంటలో ఉంటాయనుకుంటే పొరపాటే. కుళ్లు పేరుకునేది గుంట అడుగునే కాబట్టి కొన్ని సరస్సుల్లో అక్కడ ప్రాణవాయువు కరువవుతుంది.

చలికాలం చివర వాల్‌ఐలు ఏటి మొగల వైపూ, కంకర మెరకల వైపూ మళ్లుతాయి. మంచు కరగగానే అవి గుడ్లు పెట్టేది అక్కడే. మిన్నెసోటాలోని చాలా సరస్సుల్లో ఫిబ్రవరి ఆఖరుకే వాల్‌ఐ వేట ఆపించేస్తారు.

కనపడని అడుగును చూసేదెలా?

పూర్వం తాడుకు సీసపు గుండు కట్టి లోతు కొలిచేవారు. గుండు ‘టక్’మని తగిలితే రాయి, మెత్తగా దిగబడితే బురద. ఇప్పుడు సోనార్ పెట్టె ఉంది. అది నీటిలోకి ధ్వని తరంగాన్ని పంపి, ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చిందో లెక్కకడుతుంది. చన్నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,400 మీటర్లు పోతుంది. ప్రతిధ్వని సెకనులో నూరోవంతుకు వచ్చిందనుకోండి. ధ్వని మొత్తం 14 మీటర్లు తిరిగింది. అందులో సగం పోవడానికి, సగం రావడానికి. అంటే లోతు 7 మీటర్లు! రాతినేల నుంచి ప్రతిధ్వని గట్టిగా వస్తుంది, బురద నుంచి బలహీనంగా వస్తుంది. కాబట్టి పొలిమేర గీత ఎక్కడుందో కూడా ఈ పెట్టె చెప్పేస్తుంది.

చేపకు మంచి చోటు, మనిషికి?

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఏటి మొగ, రెండు సరస్సులను కలిపే సన్నని పాయ, అడుగున ఊట ఉన్నచోటు – ఇవి చేపలకు ఇష్టమైన తావులు. కాని కదిలే నీరు తొందరగా గడ్డకట్టదు. పక్కన మూరెడు మందం ఉన్నా, అక్కడ బెత్తెడే ఉండవచ్చు. పైన కురిసిన మంచు ఆ తేడాను కప్పేస్తుంది. ఎక్కువ మంచు కురిస్తే గడ్డ గట్టిపడుతుందని కొందరనుకుంటారు. నిజానికి అది చలి తగలకుండా అడ్డుపడి గడ్డను ఎదగనివ్వదు.

మనిషి నడవాలంటే కొత్తగా కట్టిన, గాజులా స్వచ్ఛమైన గడ్డ కనీసం 10 సెంటీమీటర్ల మందం ఉండాలని మిన్నెసోటా ప్రకృతి వనరుల శాఖ చెబుతుంది. గాలిబుడగలు నిండిన తెల్లగడ్డకు బలం సుమారు సగమే. అందుకే జాగ్రత్త గలవాడు గునపంతో ముందు పొడిచి చూసుకుంటూ అడుగు వేస్తాడు. మెడలో పిడులున్న రెండు మేకులు వేలాడేసుకుంటాడు. పొరపాటున నీళ్లలో పడితే వాటిని గడ్డలో గుచ్చి పైకి పాకడానికి. అంత చన్నీటిలో చేతులు కొద్ది నిమిషాల్లోనే పట్టు తప్పుతాయి మరి!

చేప వైపు నుంచి కూడా ఒక లెక్క ఉంది. నీటిలో 10 మీటర్ల లోతున పీడనం ఉపరితలం మీదకన్నా రెట్టింపు. చేప కడుపులో గాలితిత్తి ఉంటుంది. మన శీలావతి, బొచ్చె చేపల్లో ఆ తిత్తి నుంచి గొంతులోకి సన్నని గొట్టం ఉంటుంది కాబట్టి గాలి బయటికి పోగలదు. వాల్‌ఐకి ఆ దారి లేదు. 10 మీటర్ల లోతు నుంచి గబగబా పైకి లాగితే ఏమవుతుందో బాయిల్ నియమం చదివిన మీకు తెలుసు. పీడనం సగమైతే ఘనపరిమాణం రెట్టింపు! తిత్తి ఉబ్బి లోపలి అవయవాలను నోటివైపు నెడుతుంది. అలాంటి చేపను తిరిగి నీటిలో వదిలినా లోతుకు దిగలేదు, చాలాసార్లు బతకదు.

ఇది చిన్న విషయం కాదు. మిల్ లాక్స్‌లో వాల్‌ఐలు బాగా తగ్గిపోవడంతో 2016 వేసవిలో పట్టిన ప్రతి వాల్‌ఐనీ తిరిగి వదిలిపెట్టాలని నియమం పెట్టారు. వదిలిన చేప బతకకపోతే ఆ నియమంవల్ల ఏం లాభం? అందుకే వదిలేయాలనుకున్నవాళ్లు మరీ లోతైన చోట్ల గాలమే వేయకూడదు. ఎంత లోతున పట్టాలన్నది కూడా చోటు ఎంచుకోవడంలో భాగమే.

చూశారా! జానెడు కన్నం తొలిచే ముందు ఎన్ని ప్రశ్నలు వేసుకోవాలో! అడుగున ఏ నేల ఉంది? అక్కడ ఏ పురుగు బతుకుతుంది? దాన్ని తినేదెవరు? ఇది ఏ నెల? గడ్డ మందం ఎంత? లోతెంత? ఈసారి మీ చెరువుగట్టు మీద గాలం పట్టుకున్న తాతను చూసినప్పుడు, ఆ చోటే ఎందుకు ఎంచుకున్నాడో అడగండి. ఈ ప్రశ్నల్లో సగానికైనా ఆయన దగ్గర జవాబులుంటాయి.