‘మామయ్యా, ఇది తినొచ్చా?’

2023 అక్టోబర్ 31, సాయంత్రం ఏడున్నర. టెక్సస్‌లో డాలస్ పక్కనున్న ఫ్రిస్కో. మా అక్కావాళ్ల వీధంతా గుమ్మడికాయ దీపాలు, దెయ్యాల బొమ్మలు. ఆరేళ్ల మా మేనల్లుడు చింటూ స్పైడర్‌మ్యాన్ వేషంలో ముందు, వాడి బకెట్ మోస్తూ నేను వెనక. ఇల్లిల్లూ తిరిగి ‘ట్రిక్ ఆర్ ట్రీట్’ అంటూ చాక్లెట్లు అడగడమే హాలోవీన్‌లో పిల్లల పండగ. నాలుగిళ్లు తిరిగాక ఒక బుల్లి చాక్లెట్ చూపించి, ‘మామయ్యా, ఇది తినొచ్చా?’ అన్నాడు.

వాడికి పల్లీ అలర్జీ. ఆ సంగతి నాకు తెలుసు. కానీ అదే చాక్లెట్ పెద్ద సైజుది నేనే చాలాసార్లు కొనిచ్చా, ఎప్పుడూ ఏమీ కాలేదు. ‘తినరా’ అన్నా.

ఐదు నిమిషాలు కూడా కాలేదు. పెదాలు వాచాయి, మెడ మీద దద్దుర్లు, ఆగని దగ్గు. మందుల బ్యాగేమో ఇంట్లో సోఫా మీదుంది! వాణ్ని భుజాన వేసుకుని పరిగెత్తా. అక్క నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఎపినెఫ్రిన్ ఇంజెక్టర్ తీసి, వేషం మీదుగానే తొడకి బయటివైపు పొడిచి పట్టుకుంది. బావ 911కి ఫోన్ చేశాడు. అంబులెన్స్ వచ్చేసరికే దగ్గు తగ్గింది. అయినా ఎమర్జెన్సీలో గంటల తరబడి ఉంచారు. ఒకసారి తగ్గిన రియాక్షన్ కొన్ని గంటల తర్వాత మళ్లీ రావచ్చట. మంచం పక్క కుర్చీలో కూర్చున్న నన్ను చూసి చింటూ అన్న మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది: ‘నేను నిన్ను అడిగే తిన్నా కదా మామయ్యా?’

అదే బ్రాండు, అదే రంగు రేపర్... మరి తేడా ఎక్కడ?

రాత్రంతా అదే వెతికా. హాలోవీన్‌కి పంచే బుల్లి చాక్లెట్లు పెద్దవి తయారయ్యే ఫ్యాక్టరీలోనే తయారవ్వాలని లేదు. పదార్థాలు మారొచ్చు. లేదా పల్లీలు నడిచిన మెషీన్ మీదే ఇవీ నడవొచ్చు. పేరు ఒకటే కదా అని వెర్షన్ చూడకుండా లైబ్రరీ ఇన్‌స్టాల్ చేసేవాణ్ని ఆఫీసులో నేనే తిడతా. ఇక్కడ నేను చేసిందీ అదే!

లేబుల్ చూడొచ్చుగా అంటారా? పదార్థాల జాబితా తరచూ పెద్ద ప్యాకెట్ మీదే ఉంటుంది. బకెట్‌లో పడేది విడి ముక్క. 2004లో వచ్చిన అమెరికా చట్టం ప్రకారం పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు-పీతల జాతి, బాదం-జీడిపప్పు లాంటి నట్స్, పల్లీలు, గోధుమ, సోయా ఉంటే లేబుల్ మీద చెప్పి తీరాలి. 2023 జనవరి 1 నుంచి నువ్వులు కూడా చేరాయి. కానీ ‘పల్లీల ఆనవాళ్లు ఉండొచ్చు’ అనే హెచ్చరిక మాత్రం తప్పనిసరి కాదు, కంపెనీ ఇష్టం. కాబట్టి ఆ మాట లేనంత మాత్రాన భయం లేదని కాదు.

మరుసటి ఏడాది ఇంట్లోనే కూర్చోబెట్టేద్దామని బావ అన్నాడు. చింటూ మొహం చూసి అక్క ఒప్పుకోలేదు. పైగా 2024లో హాలోవీన్, దీపావళి ఒకే రోజు వచ్చాయి. ఖమ్మం నుంచి మొదటిసారి వచ్చిన మా అమ్మ సూట్‌కేసు నిండా పల్లీ పట్టీలు, నువ్వుండలు! ‘మా కాలంలో ఈ అలర్జీలు ఎక్కడివే? ఒక్క ముక్కకి ఏమవుద్ది?’ అంది. అక్క వాదించలేదు. కిందటేడు ఆసుపత్రిలో తీసిన ఫొటో ఫోన్‌లో చూపించింది. అమ్మ చాలాసేపు ఆ ఫొటోనే చూసింది. పల్లీ పట్టీలన్నీ మా ఆఫీసు ఫ్రెండ్స్‌కి వెళ్లిపోయాయి. ఆ తర్వాత అమ్మే అందరికంటే స్ట్రిక్ట్ అయింది. వచ్చినవాళ్లందరితో సబ్బుతో చేతులు కడిగించింది. మంచి పనే. పల్లీ అంటిన చేతికి శానిటైజర్ రాస్తే సరిగా పోదు, సబ్బు కావాలి.

గుమ్మం ముందు నెమలికంఠం రంగు వేసిన గుమ్మడికాయ పెట్టాం. దాన్ని టీల్ పంప్‌కిన్ అంటారు. ‘ఈ ఇంట్లో తినేవి కాని బహుమతులూ ఉన్నాయి’ అని దానర్థం. 2012లో టెనెసీలో మొదలైన ఈ పద్ధతిని ఫుడ్ అలర్జీ రీసెర్చ్ అండ్ ఎడ్యుకేషన్ అనే సంస్థ 2014లో దేశమంతటికీ తీసుకెళ్లింది. మేం స్టిక్కర్లు, పెన్సిళ్లు, చీకట్లో మెరిసే గాజులు పెట్టాం. అలర్జీ లేని పిల్లలు కూడా చాక్లెట్లు వదిలేసి గాజుల మీద పడ్డారు!

నా సంగతి కూడా చెప్పాలి. నాకు దుమ్ము, బూజు పడవు. వరంగల్ హాస్టల్ రోజుల నుంచీ ఇన్‌హేలర్ జేబులోనే. అందుకే చెక్కిన గుమ్మడికాయ వద్దని ప్లాస్టిక్‌ది కొన్నాం. ఇక్కడి వేడికి చెక్కింది నాలుగు రోజులకే బూజు పడుతుంది. అటకెక్కించిన వేషాలు ఉతకందే వేసుకోం. పక్కింటివాళ్ల ఫాగ్ మెషీన్ పొగకి మాత్రం నాకు ఆయాసం వచ్చేసింది. దెయ్యం వేషంలో రోడ్డు పక్క ఇన్‌హేలర్ పీలుస్తుంటే, అది కూడా వేషంలో భాగమే అనుకుని ఎవరో ఫొటో తీశారు. మొహానికి రంగు పూసేవాళ్లు ఒకట్రెండు రోజుల ముందే మోచేతి లోపల కాస్త రాసి చూసుకోండి.

మా రూల్ ఒక్కటే: దారిలో ఏదీ తినకూడదు. ఇంటికొచ్చాక డైనింగ్ టేబుల్ మీద బకెట్ బోర్లించి, లేబుల్ లేనిది, అనుమానం ఉన్నది పక్కకి. వాటికి బదులు పోకెమాన్ కార్డులు. మూడు చాక్లెట్లకి ఒక కార్డు అని నేనంటే, చింటూ బేరమాడి రెండుకి తెచ్చాడు. రియాక్షన్ తీవ్రంగా ఉంటే మొదట ఇంజెక్టరే. దద్దుర్లకిచ్చే సిరప్ దానికి ప్రత్యామ్నాయం కాదని డాక్టర్ గట్టిగా చెప్పారు. రెండు ఇంజెక్టర్లూ వాడితో తిరిగే మనిషి దగ్గరే ఉండాలి, కారులో కాదు.

ఆ సాయంత్రం అమ్మ దీపాలు పెట్టాక బయల్దేరాం. మొదటి ఇంటి మెట్ల దగ్గర చింటూ ఆగి వెనక్కి తిరిగాడు.

‘మామయ్యా, బ్యాగ్ తెచ్చావా?’

భుజం మీదున్న బ్యాగ్ చూపించా. వెళ్లి బెల్ కొట్టాడు.