కళ్ళు తిరుగుతున్నాయా? ముందు చెవి పరీక్ష చేయించండి

"హకీంసాబ్, సజ్దాలోకి వంగితే చాలు, గది మొత్తం గిర్రున తిరిగిపోతోంది. ఒంట్లో రక్తం తగ్గిందంటారా?" ట్రిప్లికేన్‌లోని మా దవాఖానాకు వచ్చిన ఒక యాభై ఏళ్ళ తల్లి అడిగిన మాట ఇది. అప్పటికే ఆమె బలానికి టానిక్కులు తాగింది, దానిమ్మ రసం తాగింది, బి.పి. కూడా చూపించుకుంది. ఎక్కడా ఏ లోపమూ కనిపించలేదు.

నేను ఆమెను రెండే ప్రశ్నలు అడిగాను. పక్క మీద ఒక వైపు నుంచి ఇంకో వైపుకు తిరిగినప్పుడు కూడా ఇలాగే అవుతుందా? ఆ తిప్పుడు ఒక నిమిషం లోపే ఆగిపోతుందా? రెండింటికీ "అవును" అంది. అయితే అమ్మా, లోపం రక్తంలో కాదు, చెవిలో ఉండవచ్చు, పరీక్ష చేయించుకోండి అని పంపాను. "తల తిరిగితే చెవికి పరీక్ష ఏమిటి?" అని ఆమె ఆశ్చర్యపోయింది. మీలో కూడా చాలామందికి ఇదే సందేహం రావచ్చు. అందుకే ఈ వారం ఆ సంగతులు తెలుసుకుందాం.

ఒకే చోట రెండు పనులు

చెవి అంటే మనకు బయటికి కనిపించే డొప్ప మాత్రమే కాదు. లోపల కర్ణభేరి, దాని వెనుక మూడు చిన్న ఎముకలు, ఇంకా లోపల నత్తగుల్ల ఆకారంలో ఒక భాగం ఉన్నాయి. శబ్దాన్ని నరానికి అందించేది ఈ నత్తగుల్లే. దానికి ఆనుకునే మూడు అర్ధవృత్తాకారపు గొట్టాలు ఉంటాయి. వాటిలో నీరులాంటి ద్రవం ఉంటుంది. మనం తల తిప్పినప్పుడు ఈ ద్రవం కదిలి, తల ఎటు తిరిగిందో మెదడుకు తెలియజేస్తుంది. అంటే వినడం, తూలకుండా నిలబడడం అనే రెండు పనులూ ఒకే చోట జరుగుతున్నాయి. కాబట్టే చెవిలో హోరు, వినికిడి తగ్గడం, కళ్ళు తిరగడం ఒక్కోసారి కలిసి వస్తాయి.

మన యునానీ గ్రంథాలు తల తిరగడాన్ని దువార్ అనీ, చెవిలో హోరును తనీన్ అనీ పిలిచాయి. ఇబ్నె సీనా తన 'అల్ ఖానూన్'లో చెవి జబ్బులను ప్రత్యేకంగా వివరించారు. అయితే లోపలి చెవి కపాలంలోని గట్టి ఎముకలో దాగి ఉంటుంది. నబ్జ్ పట్టుకున్నా, దీపం వేసి చూసినా దాని స్థితి తెలియదు. దాన్ని తెలుసుకోవడానికే ఈ పరీక్షలు.

నా పొరపాటు ఒకటి

చాలా ఏళ్ళ క్రితం ఒక వ్యాపారి నా దగ్గరికి వచ్చారు. నిద్ర లేచేసరికి ఒక చెవి మూసుకుపోయిందన్నారు. జలుబు చేసింది, బల్గమ్ పేరుకుందని భావించి గోరువెచ్చని రోగన్ బాదం చుక్కలు, ఇత్రిఫల్ ఇచ్చి మూడు వారాలు చూశాను. గుణం కనిపించక చివరికి చెవి డాక్టరు దగ్గరికి పంపాను. అది మూసుకుపోవడం కాదు, నరానికి సంబంధించిన ఆకస్మిక చెవుడు అని పరీక్షలో తేలింది. ముందే వచ్చి ఉంటే మందు పని చేసే అవకాశం ఎక్కువగా ఉండేదని ఆ డాక్టరు అన్నారు. ఆ చెవి మళ్ళీ వినలేదు. ఆ మనిషి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కానీ అప్పటి నుంచి వినికిడి తగ్గిందని ఎవరు వచ్చినా పరీక్ష కాగితం చూడకుండా నేను మందు ఇవ్వడం లేదు.

ఒక చెవి ఒక్కసారిగా, లేదా రెండు మూడు రోజుల్లో వినిపించకుండా పోతే అది అత్యవసరం అని గుర్తుంచుకోండి. అదే రోజు, లేకపోతే మర్నాడైనా చెవి డాక్టరుకు చూపించాలి. మొదటి రెండు వారాలలో మొదలుపెట్టిన చికిత్సకే ఫలితం ఎక్కువ.

వినికిడి పరీక్షలు ఎలా చేస్తారు?

మొదట డాక్టరు శృతిదండాన్ని మోగించి చెవి దగ్గర, చెవి వెనుక ఎముక మీద, నుదుటి మీద పెట్టి చూస్తారు. శబ్దం లోపలికి వెళ్ళే దారిలో అడ్డు ఉందా, లేక నరంలోనే లోపం ఉందా అన్నది దీనితో కొంతవరకు తెలుస్తుంది.

తర్వాత చేసేది ఆడియోమెట్రీ. శబ్దం చొరబడని గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు పెడతారు. సన్నని, లావు శబ్దాలు ఒక్కొక్కటే వినిపిస్తారు. ఎంత చిన్నగా వినిపించినా సరే మీరు బటన్ నొక్కాలి. నొప్పి ఉండదు, సూది ఉండదు. కాగితం మీద కుడి చెవిని ఎర్ర సున్నాలతో, ఎడమ చెవిని నీలం ఇంటూ గుర్తులతో చూపిస్తారు. గీత కిందికి దిగిన కొద్దీ వినికిడి తగ్గినట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నాటి లెక్క ప్రకారం 20 డెసిబెల్స్ లోపు శబ్దం వినగలిగితే మామూలు వినికిడి. 20 నుంచి 35 వరకు కొద్దిపాటి లోపం, 35 నుంచి 50 వరకు మధ్యస్థం. 65 దాటితే తీవ్రమైన లోపం.

టింపనోమెట్రీ అనే పరీక్షలో చెవిలోకి కొద్దిగా గాలి ఒత్తిడి పంపి కర్ణభేరి ఎలా కదులుతుందో చూస్తారు. కర్ణభేరి వెనుక నీరు చేరితే ఇందులో తెలుస్తుంది. తరచూ జలుబు చేసే పిల్లలకు ఇది చాలా ఉపయోగం.

పసిబిడ్డలకు పరీక్ష కుదురుతుందా?

తప్పకుండా కుదురుతుంది. బిడ్డ నిద్రపోతుండగా చెవిలో చిన్న గొట్టం పెట్టి శబ్దం పంపితే, ఆరోగ్యంగా ఉన్న లోపలి చెవి సన్నని ప్రతిధ్వని తిరిగి పంపుతుంది. దీన్ని ఓ.ఏ.ఈ. అంటారు. నుదుటి మీద, చెవుల వెనుక తీగలు అంటించి శబ్దం మెదడు దాకా చేరుతోందా అని చూసేది బెరా పరీక్ష. ఒక నెలలోపు మొదటి పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు చికిత్స మొదలు కావాలన్నది వైద్యులు పాటించే లెక్క.

మన ఇళ్ళలో మేనరికాలు, దగ్గరి సంబంధాలు ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి సంబంధాలలో పుట్టుకతో వచ్చే చెవుడు కొంత ఎక్కువగా కనిపిస్తుంది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ "వాళ్ళ అబ్బా కూడా ఆలస్యంగానే మాట్లాడాడు" అని నానీలు, దాదీలు చెప్పే మాట విని కూర్చోకండి. మాట నేర్చే వయసు దాటిపోతే మళ్ళీ రాదు.

తూలుడుకు చేసే పరీక్షలు

మొదట చెప్పిన తల్లికి చేసినది డిక్స్ హాల్‌పైక్ పరీక్ష. మంచం మీద కూర్చోబెట్టి, తల ఒక పక్కకు తిప్పి, చప్పున వెల్లకిలా పడుకోబెట్టి కళ్ళను గమనిస్తారు. లోపలి చెవిలోని సున్నపు రేణువులు ఆ గొట్టాలలోకి జారి ఉంటే కళ్ళు తమంతట తామే అదురుతాయి. ఆమెకు అదే జరిగింది. తలను నాలుగు భంగిమలలో తిప్పి రేణువులను వాటి చోటుకు చేర్చే ఎప్లీ పద్ధతి చేశారు. రెండోసారికే తగ్గిపోయింది. ఒక్క మాత్ర కూడా వాడలేదు.

ఇంకొకటి కేలరిక్ పరీక్ష. 30 డిగ్రీల చల్లని నీరు, 44 డిగ్రీల వెచ్చని నీరు చెవిలోకి పంపి కళ్ళ కదలికను చూస్తారు. ఒంటి వేడి 37 కదా, దానికి ఏడు డిగ్రీలు తక్కువ, ఏడు ఎక్కువ. దీనికి మూలం కనిపెట్టినది వియన్నా డాక్టరు రాబర్ట్ బరాని. చెవి కడిగేటప్పుడు నీళ్ళు చల్లగా ఉంటే రోగి కళ్ళు ఒక వైపుకు, వేడిగా ఉంటే రెండో వైపుకు అదరడం ఆయన గమనించారు. ఈ రంగంలో కృషికి 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి పొందారు. పరీక్ష సమయంలో ఒకటి రెండు నిమిషాలు తల తిరుగుతుంది. భయపడకండి, అలా తిరగడమే చెవి పని చేస్తోందనడానికి గుర్తు.

వెళ్ళే ముందు

చెవిలో గుబిలి ఉంటే ముందే డాక్టరు చేత తీయించుకోండి. ఆడియోమెట్రీకి ముందు రోజు పెద్ద శబ్దాలకు దూరంగా ఉండండి. కళ్ళు తిరగడానికి, జలుబుకు, నిద్రకు మాత్రలు వాడుతుంటే వాటి పేర్లు చెప్పండి. తూలుడు పరీక్షకు ముందు కొన్నింటిని ఆపమంటారు. మీ అంతట మీరు ఆపవద్దు. కడుపు నిండా తిని వెళ్ళకండి. ఇంటికి తీసుకు రావడానికి ఒకరిని తోడు తీసుకెళ్ళండి.

మన నగరంలో సెంట్రల్ స్టేషన్ దగ్గరి రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలోనూ, స్టాన్లీ ఆస్పత్రిలోనూ చెవి, ముక్కు, గొంతు విభాగాలు ఉన్నాయి. హైదరాబాదు వైపు బంధువులు ఉన్నవారు సికింద్రాబాదులోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం గురించి చెప్పండి. 1983లో ముంబయిలో ఏర్పడిన ఈ సంస్థ వినికిడి లోపం ఉన్నవారి కోసమే పని చేస్తోంది.

తల తిరగడంతో పాటు మాట ముద్దగా రావడం, ఒక వస్తువు రెండుగా కనిపించడం, చేయి లేదా కాలు పట్టు తప్పడం జరిగితే అది పక్షవాతం కావచ్చు. చెవి పరీక్ష కోసం ఆగకుండా వెంటనే పెద్దాస్పత్రికి వెళ్ళండి.

మరి యునానీ ఎందుకు అంటారా? జలుబు, అజీర్ణం, నిద్రలేమి ఉన్నవారికి ఆహార నియమాలతో, మందులతో మేము చేయగలిగింది ఉంది. కానీ నరం దెబ్బతిన్న చెవిని నూనె చుక్కలతో బాగు చేస్తామని ఏ హకీం చెప్పినా నమ్మకండి. కర్ణభేరికి రంధ్రం ఉంటే వెల్లుల్లి కాచిన నూనె పోయడం హాని చేస్తుంది. ఇంట్లో దాదా అజాన్ వినిపించడం లేదని అంటుంటే, టీవీ శబ్దం పెంచమని పదే పదే అడుగుతుంటే, వయసు వల్లే అని వదిలేయకండి. పరీక్ష చేయించి ఆ కాగితం పట్టుకుని రండి. ఏ మందు ఇవ్వాలో, ఏది ఇవ్వకూడదో అప్పుడు నిదానంగా మాట్లాడుకుందాం.