టామ్ కెటిల్ వేసుకున్న యూనిఫాం

డబ్లిన్ నడిబొడ్డున సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్ పార్కులో టామ్ కెటిల్ విగ్రహం ఉంది, ఛాతీ దాకా. దాని కింద ఆయన పుట్టిన తేదీ, 1916 సెప్టెంబరు 9న ఫ్రాన్స్‌లోని జిన్షీ దగ్గర ప్రాణం పోయిన సంగతి, కవి, వ్యాసకర్త, దేశభక్తుడు అన్న మూడు మాటలు చెక్కి ఉన్నాయి. ఏ సైన్యంలో ఉండి చనిపోయాడో మాత్రం లేదు. ఆయన బ్రిటిష్ సైన్యంలో, రాయల్ డబ్లిన్ ఫ్యుజిలియర్స్ తొమ్మిదో బెటాలియన్‌లో లెఫ్టినెంటు. శిల్పి ఆల్బర్ట్ పవర్ పని ముగించి ఏళ్లు గడిచినా, అధికారుల అభ్యంతరాల వల్ల విగ్రహం 1937 దాకా నిలబడలేదు. అప్పుడు కూడా ఆవిష్కరణ సభ లేదు. నా దృష్టిలో ఆ రాతి మీద లేని మాటే అన్నిటికన్నా ముఖ్యం. చనిపోయిన పూర్వ విద్యార్థిని తలచుకునే బడి అయినా, ఊరు అయినా అతని యూనిఫాంను దాచిపెడితే అతని నిర్ణయాన్నే చెరిపేసినట్టు.

ఆ నిర్ణయం అల్లాటప్పాది కాదు. ఓకానెల్ స్కూల్లో, తర్వాత క్లాంగోస్ వుడ్‌లో చదివిన కెటిల్ 26 ఏళ్లకే ఎంపీ అయ్యాడు, ఆపైన యూనివర్సిటీ కాలేజీలో ఆచార్యుడు. ఐర్లండుకు హోంరూల్, అంటే స్వపరిపాలన, కావాలని పోరాడినవాడు. 1914లో ఐరిష్ వాలంటీర్లు అనే జాతీయవాద దళానికి తుపాకులు కొనడానికి బెల్జియం వెళ్లి, అక్కడ జర్మన్ సేనలు చేసిన విధ్వంసం చూశాడు. చిన్న దేశం మీద పడ్డ ఆ దెబ్బ తన దేశానికీ తగిలినట్టే అనుకున్నాడు. అదే ఏడాది హోంరూల్ చట్టం ఆమోదం పొందినా, అమలును మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేదాకా ఆపారు. బ్రిటన్‌కు తోడు నిలిస్తే స్వపరిపాలన దక్కుతుందన్న ఆశ మనకు తెలియనిది కాదు. 1918లో ఖేడా పల్లెల్లో గాంధీజీ సైన్యంలో చేరమని రైతులను అడిగింది ఆ ఆశతోనే.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. 1916 ఏప్రిల్‌లో డబ్లిన్‌లో బ్రిటిష్ పాలనపై లేచిన తిరుగుబాటును అణిచి, నాయకులను కాల్చి చంపింది ఆ సైన్యమే కదా, దాని అధికారిని గౌరవించడమేమిటి? కానీ ఆ దెబ్బ కెటిల్ ఇంటికే తగిలింది. తోడల్లుడు ఫ్రాన్సిస్ షీహీ-స్కెఫింగ్టన్ శాంతివాది. విచారణ లేకుండా ఒక సైనికాధికారి ఆయన్ని కాల్పించాడు. మరణశిక్షకు గురైన థామస్ మెక్‌డోనా కెటిల్‌తో కలిసి పాఠాలు చెప్పినవాడు. రేపు చరిత్ర తిరుగుబాటుదారులను వీరులంటుందనీ, తనను బ్రిటిష్ అధికారిగానే లెక్కకడుతుందనీ కెటిల్ ముందే గ్రహించాడు. అయినా ఫ్రాన్స్ వెళ్లాడు. ఇంత నలిగిన మనిషిని తలచుకుంటే సామ్రాజ్యానికి చప్పట్లు కొట్టినట్టెలా అవుతుంది? బడి గోడ మీద సైనికుడి పేరు పిల్లలను యుద్ధం వైపు లాగుతుందన్న భయం కూడా న్యాయమైనదే. పేరూ హోదా మాత్రమే ఉంటే లాగుతుంది. ఆయన సందేహాలు, దొరకని ఆయన శవం, థీప్వాల్ స్మారకంలో వేల పేర్ల మధ్య ఆయన పేరు, ఇవన్నీ చెబితే పిల్లలు ఆలోచిస్తారు.

జిన్షీలో ఆయనతో ఉన్న 18 ఏళ్ల ఎమెట్ డాల్టన్ కూడా ఓకానెల్ స్కూల్ విద్యార్థే. ఆ పోరులో మిలిటరీ క్రాస్ పొంది, తిరిగొచ్చి బ్రిటిష్ పాలనపై పోరాడిన ఐఆర్ఏలో చేరి, స్వతంత్ర ఐర్లండు సైన్యంలో మేజర్ జనరల్ అయ్యాడు. 1922లో ఆ సైన్యాధిపతి మైకేల్ కాలిన్స్ హతుడైనప్పుడు పక్కనే ఉన్నాడు. బతికి వచ్చిన డాల్టన్‌కు యూనిఫాం మార్చుకునే వ్యవధి దొరికింది. కెటిల్‌కు దొరకలేదు.