దురద తగ్గించే ట్యూబులో ఏముంది?

నిడదవోలు చుట్టూ కాలువలు, వరిచేలు. తడిలో, ఉక్కలో పనిచేసేవారికి గజ్జల్లో, నడుం దగ్గర ఫంగస్ వల్ల వచ్చే తామర తేలిగ్గా పడుతుంది. మందుల షాపులో "దురదకేదైనా ఇవ్వండి" అంటే, క్లోబెటసాల్ వంటి బలమైన స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ చేతికి రావచ్చు.

రెండు రోజుల్లో దురద తగ్గుతుంది. అక్కడే ఉంది మోసం! స్టెరాయిడ్ చర్మపు రక్షణను అణచేస్తే ఫంగస్ పాకుతుంది. పూత ఆపగానే తామర తిరగబెడుతుంది. చర్మం పల్చబడి చారలు పడతాయి. అందుకే 2018లో కేంద్రం పలు స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలంది.

అలాగని స్టెరాయిడ్ విషం కాదు. ఎగ్జిమాకు డాక్టరు చెప్పిన మోతాదులో అదే మేలు చేస్తుంది. తామరకు కావలసింది ఫంగస్‌ను చంపే మందు. గజ్జికైతే పెర్మెత్రిన్ 5 శాతం క్రీమ్, అదీ ఇంటిల్లిపాదీ ఒకేసారి మెడ నుంచి అరికాళ్ల దాకా రాసుకోవాలి. ఒట్టి పొడిచర్మానికి స్నానం కాగానే, తడి ఆరకముందే మాయిశ్చరైజర్ పట్టించాలి.

ఆరు వారాలు దాటిన దురదను చర్మవైద్యులకు చూపించాలి. కాలేయం, కిడ్నీ జబ్బులూ ఇలా బయటపడతాయి.