మసీ, జిగురూ

నేను బాటరీలమీద పరిశోధన చేస్తున్నానని తెలిసిన దగ్గరనుంచి బంధువుల్లో నా పరపతి పెరిగింది. పెళ్ళిళ్ళలో పెద్దవాళ్ళు పిలిచి మరీ తమ ఫోన్లు చూపిస్తారు. "మూడేళ్ళ కిందట కొన్నానమ్మాయీ. ఇప్పుడు ఒక పూటైనా నిలవడం లేదు" అంటారు, నేనే ఏదో చేసినట్టు. మా అమ్మమ్మ ఒక్కతే అసలు సంగతి అడిగింది.

"ఇంతకీ రోజంతా అక్కడ ఏం చేస్తావే?"

"మసీ, జిగురూ కలుపుతానమ్మమ్మా."

"దానికి ఇన్నేళ్ళ చదువు కావాలీ? ఆముదం దీపంమీద పళ్ళెం బోర్లించి మీ అమ్మకి నేను కాటుక పట్టలేదూ!"

వేళాకోళానికే అన్నా, అందులో అబద్ధం లేదు. పూర్వం మసిలో తుమ్మజిగురూ నీళ్ళూ కలిపి సిరా చేసుకునేవారు. సిరాబుడ్డికి మసిబుడ్డి అని పేరు వచ్చింది అందుకే. ఈనాటి లిథియం బాటరీ లోపలి పూత కూడా దాదాపు ఆ పద్ధతిలోనే తయారవుతుంది.

ఆ బాటరీలో రెండు పల్చని రేకులుంటాయి. అల్యూమినియం రేకుమీద లిథియం కలిసిన పొడి పూస్తారు; రాగిరేకుమీద గ్రాఫైటు. చార్జి పెట్టినప్పుడు లిథియం అయాన్లు మొదటి పూతనుంచి రెండవదానికి వెడతాయి. వాడుకునేటప్పుడు వెనక్కి వస్తాయి. సోనీ కంపెనీ 1991లో ఇలాంటి బాటరీని మొదట బజారుకి తెచ్చింది. దీనికి పునాది వేసిన గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో నోబెల్ బహుమానం వచ్చింది.

చిక్కెక్కడంటే, లిథియాన్ని దాచుకునే పొడుల్లో చాలావాటికి విద్యుత్తును పోనిచ్చే గుణం తక్కువ. 1997లో గుడ్‌ఇనఫ్ బృందం ప్రకటించిన లిథియం ఐరన్ ఫాస్ఫేటునే తీసుకోండి. చవక, భద్రమైనది. కాని కరెంటు విషయంలో పరమ పిసినారి. రేణువులకు కార్బను పూత వేసి, మధ్యలో మసి చల్లిన తరువాతనే అది బాగా పనికివచ్చింది. ఇవాళ ఎన్నో విద్యుత్ కార్లూ, బస్సులూ దానితోనే నడుస్తున్నాయి.

ఆ మసిరేణువు తలవెంట్రుక మందంలో వెయ్యోవంతుకన్నా చిన్నది. రేణువులు గొలుసులుగా అల్లుకుంటాయి. బావినుంచి వంటింటిదాకా మనుషులు వరసగా నిలబడి బిందెలు చేతులు మార్చుకున్నట్టు, ఆ గొలుసులు ఎలెక్ట్రాన్లను అందించుకుంటూ పోతాయి. సరిగా కలపకపోతే మసి ఉండలు కడుతుంది. అతిగా కలిపితే గొలుసులు తెగుతాయి. అట్లపిండికైనా ఇంత సుకుమారం ఉండదు.

ఇక జిగురు. అల్యూమినియం రేకువైపు ఎక్కువగా వాడేది పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్. అంటుకోని పెనాలమీద వేసే పూతకి ఇది దగ్గరి చుట్టం. ఆ వంశంలో పుట్టి అంటించే ఉద్యోగం చెయ్యడం విచిత్రమే! దీన్ని ఎన్‌ఎంపీ అనే ద్రావణిలో కరిగించాలి. అది గర్భస్థశిశువుకు హాని చేసే పదార్థం గనుక జాగ్రత్తగా ఉండాలి. గ్రాఫైటువైపు అంత బాధ లేదు. నీళ్ళు చాలు, ఐస్‌క్రీములో వేసే సీఎంసీ అనే బంకా, కొంచెం రబ్బరూ కలుపుతారు.

మసీ జిగురూ సాధారణంగా చార్జి దాచవు. ఉన్న చోటు మాత్రం ఆక్రమిస్తాయి. అందుకే ఫాక్టరీలవారు నూటికి 95 పాళ్ళకు పైగా అసలు పొడే ఉండేలా చూస్తారు. మా ప్రయోగశాలల్లో 80 పాళ్ళు పొడి, 10 మసి, 10 జిగురు అనేది మామూలు లెక్క.

ఆ లెక్క తప్పకుండానే నేను ఒకసారి నిలువునా మునిగాను. ఫెలోషిప్పు పొడిగించాలంటే ఫలితాలు చూపించాలి. పరీక్షయంత్రం దగ్గర నా వంతు సోమవారం. శుక్రవారం సాయంత్రానికి గాని పూత కాలేదు. నెమ్మదిగా ఆరవలసినదాన్ని వేడి పెంచి గబగబా ఆరబెట్టాను. చూడడానికి నల్లగా, నున్నగా ముచ్చటగా ఉంది. బిళ్ళలు కత్తిరించి 20 గుండీ బాటరీలు బిగించాను.

నెమ్మదిగా చార్జి చేసినంతసేపూ బాగానే ఉన్నాయి. వేగం పెంచగానే ఒకదాని వెనక ఒకటి చతికిలబడ్డాయి. ఒకటి విప్పి చూస్తే, పూత రేకునుంచి పొక్కులా లేచిపోయి ఉంది.

తడిగోడ ఆరేటప్పుడు ఉప్పు పైకి వచ్చి తెల్లగా పూస్తుంది చూడండి, ఇదీ అంతే. ద్రావణి హడావిడిగా ఆవిరవుతూ జిగురునుకూడా పైకి లాక్కుపోయింది. పైన అవసరంలేనంత జిగురు చేరింది. రేకును పట్టుకోవలసిన అడుగున మిగిలింది నామమాత్రం.

ఏడుపు మింగి ప్రొఫెసరుగారికి ఉన్న సంగతి చెప్పాను. ఆయన యంత్రం దగ్గర ఇంకో వారం ఇప్పించారు. అదే పొడి, అవే పాళ్ళు. తక్కువ వేడిమీద రాత్రంతా ఆరబెట్టాను. పూతమీద టేపు అంటించి లాగినా పెచ్చు ఊడలేదు. ఆ బాటరీలు రెండువందల ఆవృత్తులు దాటాయి. ఫెలోషిప్పూ నిలిచింది.

మూడేళ్ళ ఫోను కథలో కొంత ఇక్కడే ఉంది. చార్జి ఎక్కినప్పుడల్లా గ్రాఫైటు నూటికి పది పాళ్ళ వరకు ఉబ్బి, మళ్ళీ తగ్గుతుంది. వందలసార్లు అలా జరిగితే జిగురు పట్టు సడలి, కొన్ని రేణువులు గొలుసుకు దూరమై వెలివేసినట్టుండిపోతాయి. బాటరీ ముసలిదవడానికి వేరే కారణాలూ ఉన్నాయనుకోండి. గ్రాఫైటుకన్నా ఎన్నోరెట్లు లిథియాన్ని దాచగల సిలికాను అయితే మూడింతలకు పైగా ఉబ్బుతుంది. దాన్ని పీవీడీఎఫ్ పట్టి ఉంచలేదు. సముద్రపు నాచునుంచి తీసిన ఆల్జినేటు అనే బంక బాగా పట్టి ఉంచుతున్నదని 2011లో అమెరికాలో కనుక్కున్నారు. గోరుచిక్కుడు గింజల బంకనుకూడా పరీక్షించారు.

ఈ చివరి సంగతి అమ్మమ్మకు ఎంతో నచ్చింది.

"కూర చేసి పెడితే కంచంలో పక్కకు నెట్టేదానివి. ఇప్పుడు దానికోసం పరిశోధనలా?" అంది. మర్నాడు మధ్యాహ్నం అదే కూర.