ఒంటారియో ఫ్రెంచివారు - మనోవైద్యము - మాతృభాష

ఎముక విరిగిన రోగి నోరు విప్పకున్నను ఎక్స్‌రే పటము వైద్యునకు సంగతి తెలుపును. మనోవ్యాధి విషయమున అట్టి సౌకర్యము లేదు. రోగి పలుకు మాటలనుండియే వ్యాధిని గుర్తింపవలెను; చికిత్సయు చాలవరకు మాటలతోనే సాగవలెను. కావున అన్యభాషీయుల నడుమ కాపురముండు అల్పసంఖ్యాకులకు ఈ శాఖలో కలుగు చిక్కు మిక్కిలి లోతైనది. కెనడా దేశమున ఒంటారియో రాష్ట్రమందలి ఫ్రెంచివారి చరిత్ర ఇందులకు నిదర్శనము.

వీరు సుమారు ఆరు లక్షలమంది. వీరిలో అనేకుల పూర్వులు అడవికొట్టుటకును, గనులలో పనిచేయుటకును, సేద్యమునకును క్యుబెక్ నుండి వచ్చి ఆటవా, సడ్‌బరీ, హర్స్ట్ ప్రాంతములందు స్థిరపడిరి. 1912లో ప్రభుత్వము పదునేడవ నిబంధనచే పాఠశాలలలో ఫ్రెంచి బోధనను తొలి తరగతులకే పరిమితము చేసెను. 1927 వరకు ఆ కట్టడి సడలలేదు. నేడు వీరిలో పెక్కుమంది ఇంగ్లీషును ధారాళముగా మాటలాడుదురు. అసలు చిక్కు ఇచ్చటనే యున్నది. అంగడిలో బేరమాడుటకు చాలిన భాష, బిడ్డను పోగొట్టుకొన్న తల్లి దుఃఖము చెప్పుకొనుటకు చాలదు. మన పెద్దలు 'గాభరా', 'నరాల బలహీనత' అని చెప్పుకొను బాధను పరభాషా వైద్యుడు ఏమని వ్రాసికొనును? హోసూరు, బళ్లారి వాసులకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు.

జ్ఞాపకశక్తిని కొలుచు ఒక ప్రసిద్ధ పరీక్షలో ఇంగ్లీషు 'వరల్డ్' పదమునందలి అక్షరములను తుదినుండి మొదటికి చెప్పుమని యడుగుదురు. ఫ్రెంచి బడిలో చదివిన ముదుసలి అందు తడబడినచో అది మతిమరపా, భాషాలోపమా? అందుచే ఫ్రెంచి ప్రతిలో 'మోఁద్' అను తమ పదమునే వాడుదురు. పైగా చిత్తభ్రంశము ముదిరినప్పుడు, తరువాత నేర్చిన భాష ముందుగా జారిపోయి, తల్లిభాష మాత్రమే మిగులుట పలువురియందు కానవచ్చినది. దుబాసీని పెట్టిన సరిపోదా యందురు. కొడుకే దుబాసీ యైనప్పుడు తల్లి తన సంసారబాధ నెట్లు చెప్పగలదు?

1986 నాటి ఫ్రెంచి భాషా సేవల చట్టము నిర్దిష్ట ప్రాంతములలో ప్రభుత్వసేవలను ఫ్రెంచిలో పొందు హక్కు నొసగెను. కాని క్రుంగిన మనస్సు గలవాడు హక్కు నడుగునా? అందువలన రోగి అడుగకమున్నే సిబ్బంది ఫ్రెంచిలో పలుకరింపవలెనను పద్ధతి యేర్పడినది. దానిని 'క్రియాశీల సమర్పణ' యందురు.

ఈ పద్ధతి నిలుచుటకు ఆ భాషలో శిక్షణ పొందిన వైద్యులు, దాదులు కావలెను. ఆటవాలో 1953లో వెలసిన మోఁఫోర్ ఆసుపత్రి అట్టి శిక్షణాలయము, మనోవైద్యమును అందుండును. 1997లో ప్రభుత్వము నియమించిన పునర్వ్యవస్థీకరణ సంఘము దానిని మూసివేయ దలచెను. ద్విభాషా ఆసుపత్రులు చాలునని వాదన. మార్చి 22న సుమారు పదివేలమంది ఆటవాలో సభ చేసిరి. జిజెల్ లలోంద్ ఉద్యమమునకు నాయకత్వము వహించెను. సంఘము పిదప మూసివేతను మాని, సేవలను కుదింప జూచెను. వ్యాజ్యము నడచి 2001 డిసెంబరు 7న అప్పీలు న్యాయస్థానము ఆ ఉత్తర్వును చెల్లనీయలేదు. అల్పసంఖ్యాకుల రక్షణ రాజ్యాంగమున అక్షరరూపమున లేకున్నను దాని మూలసూత్రములలో నొకటి యని తీర్పు. రెండు భాషల ఆసుపత్రిలో కాలక్రమమున పెద్దభాషయే మిగులునని న్యాయస్థానము గ్రహించుట, నా దృష్టిలో, ఆ తీర్పునందలి ముఖ్యాంశము.

ఉత్తరమున హర్స్ట్ వంటి దూరపు పట్టణములకు ఫ్రెంచి తెలిసిన మనోవైద్యులు చాలినంత మంది లేరు. అచ్చటి రోగులు దృశ్యశ్రవణ యంత్రముల మూలమున దూరపు వైద్యులతో సంభాషించుచున్నారు.