పదహారో నంబరు హైవే: దూరం, టోలు, మన జేబు లెక్క

కోల్‌కతా దగ్గర మొదలై చెన్నైలో ముగిసే జాతీయ రహదారి 16 పొడవు దాదాపు 1,700 కిలోమీటర్లు. అందులో 1,000కి పైగా మన ఆంధ్రప్రదేశ్‌లోనే, ఇచ్ఛాపురం నుంచి తడ దాకా. శ్రీకాకుళం, విశాఖ, రాజమండ్రి, ఏలూరు, విజయవాడ, గుంటూరు, ఒంగోలు, నెల్లూరు అన్నీ ఈ దారి మీదివే. గంటకు 50 కిలోమీటర్ల చొప్పున ఎక్కడా ఆగకపోయినా లారీకి రాష్ట్రం ఈ చివరి నుంచి ఆ చివరికి 20 గంటలు దాటుతుంది. నెల్లూరు నుంచి విజయవాడ సుమారు 275 కిలోమీటర్లు, చెన్నై సుమారు 175. మన నెల్లూరు బియ్యం, రొయ్యలు చెన్నై వైపు అంతగా వెళ్లడానికి ఈ తేడా ఒక కారణం.

పెద్దవాళ్లు దీన్ని ఇంకా ఐదో నంబరు రోడ్డే అంటారు. 2010లో దేశమంతా నంబర్లు మార్చారు. ఉత్తర దక్షిణాలుగా సాగే రోడ్లకు సరి సంఖ్యలు, తూర్పు నుంచి పడమరకు పెరుగుతూ: మనది 16, కర్నూలు మీదుగా పోయేది 44, అరేబియా తీరంలోది 66. తూర్పు పడమరలుగా సాగేవాటికి బేసి సంఖ్యలు. కృష్ణపట్నం రేవుకు చేరే రోడ్డు 67 అందుకే.

ఇక టోలు. బైకుకు, ఆటోకు, ట్రాక్టరుకు లేదు. మిగతావాటికి కిలోమీటరుకు ఇంత అని లెక్క. 2008 నిబంధనల్లో 2007-08కి పెట్టిన మూల రేటు కారుకు 65 పైసలు, బస్సుకు, లారీకి 2 రూపాయల 20 పైసలు. అంటే లారీ భారం కారుకు మూడింతల పైమాటే. కారు లేని ఇల్లు కూడా ఆ సొమ్మును సరుకు ధరలో, బస్సు టికెట్‌లో కడుతూనే ఉంటుంది.

రెండు టోలు ప్లాజాల మధ్య 60 కిలోమీటర్లు ఉండాలి కదా, నెల్లూరు నుంచి తడకు వెళ్లేలోపే వెంకటాచలం, బూదనం, సూళ్లూరుపేట మూడెందుకు? నిబంధన నిజమే. కానీ ఈ ముక్కను ప్రైవేటు సంస్థకు అప్పగించిన ఒప్పందం ఆ నిబంధనల కంటే పాతది. పైగా మినహాయింపుకు నిబంధనలోనే చోటుంది. రోజూ తిరిగేవాళ్లకు ఇది న్యాయంగా లేదనే నా అభిప్రాయం.

సొంత కారున్నవాళ్లకు కొంత ఊరట వార్షిక పాసు. 2025 ఆగస్టు 15న మొదలైనప్పుడు ధర 3,000 రూపాయలు. ఏడాది గానీ, 200 సార్లు ప్లాజా దాటడం గానీ, ఏది ముందైతే దానితో సరి. ఆ ధరకు ఒక్కో దాటుడుకు 15 రూపాయలు. తడకు వెళ్లి వస్తే ఆరు దాటుళ్లు, 90 రూపాయలు. అలా 33 సార్లు తిరగొచ్చు. ఏడాదికి రెండు మూడుసార్లే చెన్నై వెళ్లే ఇంటికి ఇది దండగ. వాళ్లకు 24 గంటల్లో తిరిగొస్తే రానుపోను కలిపి ఒకటిన్నర రెట్లు మాత్రమే పడే రాయితీ చాలు. ప్లాజాకు 20 కిలోమీటర్ల లోపు నివాసముంటే సొంత వాహనానికి స్థానిక నెలవారీ పాసు అడగండి.

టోలు సరే, దారి భద్రత మాటేమిటి? 2021 నవంబరులో పెన్నా వరద నెల్లూరు పక్కనున్న పడుగుపాడు దగ్గర హైవేను కోసేసింది. పక్కనున్న రైలు కట్టా దెబ్బతింది. రెండు దారులూ ఒకేచోట తెగితే ఉత్తరానికి రాకపోకలు ఎలా స్తంభిస్తాయో నెల్లూరు జిల్లా కళ్లారా చూసింది. అక్కడ నీరు పోయే తూములు పెంచాలని మనం గట్టిగా అడగాలి.

దారిలో ప్రమాదం జరిగినా, బండి ఆగిపోయినా 1033కి ఫోను చేయండి. జాతీయ రహదారుల సహాయ నంబరు అది, రాత్రీ పగలూ పనిచేస్తుంది.